ట్రక్కు చక్రముల బేరింగులు, సీళ్ల సంరక్షణ

నేడు మన గ్రామములలో ధాన్యము, చెరకు, ఎరువు, ఇటుక, ఇసుక మున్నగునవి చాలవరకు ట్రాక్టరు వెనుక కట్టిన ట్రక్కు మీదనే కదలుచున్నవి. రైతు ట్రాక్టరు ఇంజనుకు వేళకు నూనె మార్పించును. గాలి వడపోతను శుభ్రము చేయించును. కాని వెనుక వచ్చు ట్రక్కు చక్రముల సంగతి, అది రోడ్డు నడుమ ఆగిపోవు వరకు పట్టించుకొనువారు తక్కువ. ఎడ్లబండి నాటి పెద్దలు ఈ విషయమున మెలకువ గలవారు. ఇరుసుకు కందెన పెట్టి, కడశీల గట్టిగా నున్నదో లేదో చూచి గాని ఎడ్లను కట్టెడివారు కారు. ట్రక్కు హబ్బులోని గ్రీజు ఆ కందెన వంటిదే. చివరి నట్టుకు దూర్చిన పిన్ను ఆ కడశీల వంటిదే. తేడా యొక్కటే: బండి ఇరుసు కంటికి కనబడును, ట్రక్కు హబ్బు లోపలి సంగతి విప్పి చూచిన గాని తెలియదు.

ఈ వ్యాసమున ముఖ్యముగా చెప్పదలచినది ఒకే మాట. గ్రామములలో ట్రక్కు బేరింగులు బరువు మోసి అరిగిపోవుటకంటె, నీరు, బురద చేరి చెడిపోవుట ఎక్కువ. ఆ నీటిని ఆపునది సీలు. సీలు ఖరీదు బేరింగు ఖరీదులో కొద్ది భాగము మాత్రమే. సీలును కాపాడుకొన్నచో బేరింగు, ఇరుసు, హబ్బు మూడును నిలుచును.

హబ్బు లోపల ఏమున్నది

చక్రమును బిగించు ఇనుప గుండ్రమును హబ్బు అందురు. దాని లోపల రెండు బేరింగులుండును. ట్రక్కు నడుమ వైపు నుండునది లోపలి బేరింగు. మూత వైపు నుండునది బయటి బేరింగు. సాధారణముగా లోపలిది పెద్దది, బయటిది చిన్నది. వీటిలోని రోలర్లు ఒక కొన సన్నగా, ఒక కొన లావుగా నుండును. రెండు బేరింగుల సన్నని వైపులు హబ్బు నడుమకు ఎదురెదురుగా నుండును. ఇట్టి బేరింగు పై నుండి పడు బరువును, మలుపులో ప్రక్క నుండి పడు ఒత్తిడిని కూడ భరించును. అమెరికాలో గుర్రపు బగ్గీలు చేయుచుండిన హెన్రీ టిమ్కెన్ 1898లో ఈ రకపు బేరింగునకు పేటెంటు పొందెను. బగ్గీ మలుపు తిరుగునప్పుడు చక్రముపై పడు ప్రక్క ఒత్తిడిని తట్టుకొనుటకే దీనిని రూపొందించిరి.

బేరింగులో రెండు భాగములు వేరువేరుగా వచ్చును. రోలర్లతో ఇరుసుపై కూర్చుండునది కోను. హబ్బులో బిగువుగా కూర్చుండు ఉంగరము కప్పు. రోలర్లు కప్పు లోపలి నున్నని తలముపై దొరలుచుండును. లోపలి బేరింగునకు వెనుక, హబ్బు అంచున రబ్బరు పెదవి గల సీలుండును. ఆ పెదవి ఇరుసుపై ఒరయుచు, గ్రీజు బయటకు పోకుండ, బురద లోనికి రాకుండ కాచును. బయటి వైపున హబ్బు మూత ఆ పని చేయును.

ఈ చిన్న భాగములు ఎంత పని చేయుచున్నవో లెక్క వేసి చూడవచ్చును. ఇరుసుపై 4 టన్నుల బరువు పడినచో ఒక్కొక్క చక్రము 2 టన్నులు మోయవలెను. సుమారు రెండున్నర మీటర్ల చుట్టుకొలత గల చక్రము కిలోమీటరుకు 400 సార్లు తిరుగును. 20 కిలోమీటర్లు పోయి వచ్చుసరికి 16,000 సార్లు తిరిగినదన్న మాట. అంత బరువును మోయుచు అన్నిసార్లు దొరలు రోలరునకు, కప్పునకు నడుమ నున్నది పలుచని గ్రీజు పొర మాత్రమే. ఆ పొరలో ఒక ఇసుక రేణువు పడిన చాలు, నున్నని ఉక్కు గీతలు పడుటకు.

నీరు ఎట్లు చేరును

బరువుతో దూరము నడచిన ట్రక్కు హబ్బు వేడెక్కి యుండును. లోపలి గాలియు వేడెక్కి వ్యాకోచించి యుండును. ఆ వెంటనే ట్రక్కును కడుగుటకై కాలువలోనికో చెరువులోనికో దింపినచో, హబ్బు ఒక్కసారిగా చల్లారును. లోపలి గాలి సంకోచించి, సీలు పెదవి సందున నుండి నీటిని లోనికి లాగుకొనును. కావున వేడి హబ్బును నీటిలో దింపరాదు. హబ్బులు చేతికి చల్లబడిన తరువాత, గట్టున నిలిపి, బకెట్టుతో నీరు పోసి కడుగుట మేలు. సర్వీసు కేంద్రములో కడిగించునపుడు నీటిధారను సూటిగా సీలుపైకి కొట్టనీయరాదు.

రెండవ శత్రువు చుట్టుకొను నార. వరిగడ్డి, నైలాను త్రాడు, గోనెదారము, ఇనుప తీగ ఇరుసుకు చుట్టుకొని, సీలు పెదవి క్రిందికి చొరబడి దానిని కోయును. పొలము నుండి వచ్చిన ప్రతి దినము చక్రము వెనుక వంగి చూచి, చుట్టుకొన్న దానిని కోసి తీసివేయవలెను. ఇందుకు రెండు నిమిషములు చాలును.

చెడుచున్నదని తెలుపు గుర్తులు

1. చక్రము లోపలి ముఖమున, టైరుపైన గ్రీజు చిమ్మిన జాడ. సీలు పోయినదని దీని యర్థము.

2. ఖాళీ ట్రక్కు మెల్లగా పోవునపుడు చక్రము నుండి గరగర శబ్దము.

3. హబ్బు వేడి. 10, 15 కిలోమీటర్లు నడచిన తరువాత రెండు హబ్బులను చేతి వెనుక వైపుతో జాగ్రత్తగా తాకి పోల్చి చూడవలెను. రెండును ఒకే తీరున గోరువెచ్చగా నున్నచో భయము లేదు. ఒకటి చేయి పెట్టనీయనంత వేడిగా నున్నచో, దాని బేరింగు బిగుసుకొనియైనను, గ్రీజు లేకయైనను ఉండవలెను. బ్రేకులున్న ట్రక్కునకు బ్రేకు పట్టుకొనియుండుట కూడ కారణము కావచ్చును.

4. చక్రము ఆట. చక్రమును నేల నుండి లేపి, పైన ఒక చేయి, క్రింద ఒక చేయి వేసి ముందుకు వెనుకకు ఊపి చూడవలెను. కొట్టుకొనుచున్నట్లు తోచినచో బేరింగు వదులైనదో అరిగినదో విప్పి చూడవలెను.

ఈ గుర్తులను లెక్క చేయక బరువు వేసి నడిపినచో, రోలర్లు నలిగి, ఇరుసు కొన కాలి మెత్తబడి, చివరకు నట్టుతో సహా చక్రము ఊడిపోవును. బరువుతో నున్న ట్రక్కు ఒక ప్రక్కకు ఒరిగిపడునపుడు ప్రక్కన సైకిలుపై పోవువాడు గాని, మూటలపై కూర్చున్న కూలి గాని తప్పించుకొను వ్యవధి యుండదు.

పనికి ముందు జాగ్రత్తలు

తొట్టిలోని సరకు పూర్తిగా దింపవలెను. రెండు చక్రముల ట్రక్కును ట్రాక్టరు నుండి విడదీయరాదు. విడదీసినచో ఇరుసుపై త్రాసువలె వాలును. ట్రాక్టరు చేతి బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళము తీసివేయవలెను. విప్పని వైపు చక్రమునకు ముందు వెనుకల రాళ్లు గాని చెక్కదిమ్మలు గాని పెట్టవలెను. చక్రపు నట్లను నేలపై నుండగనే కొంచెము వదులు చేయవలెను. మెత్తని నేలయైనచో జాకీ క్రింద మందమైన పలక వేయవలెను. ఇరుసును లేపిన వెంటనే దాని క్రింద గట్టి దిమ్మలు గాని స్టాండు గాని పెట్టవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి ట్రక్కు క్రిందకు పోరాదు. లేపిన తొట్టి క్రింద ఎన్నడును పని చేయరాదు.

గాలికి దుమ్ము లేచు చోట, కళ్లము దగ్గర ఈ పని పెట్టుకొనరాదు. శుభ్రమైన గోనెపట్టాపై పాత గుడ్డ పరచి, విప్పిన భాగములను విప్పిన వరుసలో పేర్చుకొనవలెను.

విప్పుట

చక్రమును తీసి, హబ్బు చుట్టునున్న బురదను ముందుగా గీకి తుడువవలెను. మూత తీయవలెను. పిన్ను కాళ్లను నిటారు చేసి లాగివేయవలెను. నట్టు, వాషరు తీసి, హబ్బును కొంచెము ముందుకు లాగినచో బయటి కోను చేతిలోనికి వచ్చును. అది నేలపై పడకుండ పట్టుకొనవలెను. తరువాత హబ్బును రెండు చేతులతో తిన్నగా లాగవలెను. బరువైనచో ఇద్దరు పట్టవలెను. వెనుకనున్న సీలును ఊడబెరికి లోపలి కోనును తీయవలెను. తీసిన సీలును మరల వాడరాదు. ఎడమ, కుడి చక్రముల భాగములను కలుపరాదు. ఏ కప్పుతో కలిసి అరిగిన కోను ఆ కప్పులోనే నడువవలెను.

కడుగుట, పరీక్షించుట

కడుగుటకు ముందే పాత గ్రీజును వ్రేళ్ల నడుమ నలిపి చూడవలెను. తెల్లగా పాలవలె నున్నచో నీరు చేరినది. నల్లగా నుండి ఎండలో మిలమిల మెరయుచున్నచో ఉక్కు రజను కలిసినది. కాలిన వాసనతో గట్టిపడినచో హబ్బు మిక్కిలి వేడెక్కినది.

తరువాత కోనులను కిరసనాయిలులో గాని డీజిలులో గాని ముంచి, కుంచెతో రోలర్ల సందులలోని గ్రీజు అంతయు పోవువరకు కడుగవలెను. దగ్గర నిప్పు, చుట్ట, బీడి ఉండరాదు. రెండవసారి శుభ్రమైన కిరసనాయిలులో కడిగి నీడన ఆరనీయవలెను. గాలి గొట్టముతో కోనును గిరగిర త్రిప్పరాదు. రోలరు ఊడి కంటికి తగులు ప్రమాదము కలదు. హబ్బు లోపలను, ఇరుసును కూడ తుడిచి, వెలుతురున ఒక్కొక్క భాగము చూడవలెను.

రోలరుపైన గాని కప్పుపైన గాని ఉక్కు పొరలు లేచి గుంటలు పడినచో, నీలిరంగు తిరిగినచో, తుప్పు తిన్న మచ్చలు గోటికి తగులుచున్నచో, రోలర్లను పట్టియుంచు పంజరము వంగినచో ఆ బేరింగును వదలివేయవలెను. కప్పులో రోలర్ల దూరమునకు సరిగా వరుస నొక్కులు కనబడినను మార్చవలెను. మార్చునపుడు కోనును, కప్పును జతగానే మార్చవలెను. పాత కప్పులో కొత్త కోను వేసినచో పాత గాయము కొత్తదానిని తినివేయును.

కప్పు హబ్బులో చేతితో తిరుగుచున్నచో హబ్బు రంధ్రము అరిగినదని తెలియును. కొందరు రంధ్రము లోపల పంచుతో చుక్కలు కొట్టి కప్పును బిగియించుదురు. ఆ చుక్కల కొనలు కొద్ది దినములలో అణగిపోయి కప్పు మరల తిరుగును. లేతు పనివానిచే రంధ్రమునకు పొర వేయించి సరియైన కొలతకు తీయించుటయో, హబ్బు మార్చుటయో సరియైన పద్ధతి.

ఇరుసుపై సీలు ఒరయు చోటును గోటితో తడవి చూడవలెను. అక్కడ గాడి పడినచో ఎంత కొత్త సీలు వేసినను నీరు దిగును. ఆ చోట సన్నని ఉక్కు తొడుగు వేయించవలెను.

కొత్తవి కొనునపుడు

బేరింగుపై సంఖ్య చెక్కియుండును. పాతదానిని అంగడికి తీసికొని పోవుట ఉత్తమము. 30208, 30210 వంటి సంఖ్యలలో చివరి రెండంకెలను 5తో హెచ్చవేసినచో లోపలి రంధ్రపు కొలత మిల్లీమీటర్లలో వచ్చును. 30208కి 40 మిల్లీమీటర్లు, 30210కి 50 మిల్లీమీటర్లు. సీలుపై లోపలి వ్యాసము, బయటి వ్యాసము, మందము అను మూడు కొలతలు వరుసగా నుండును. మూడును సరిపోవలెను. పేరున్న కంపెనీల గుర్తుతో నకిలీ బేరింగులు కూడ విపణిలోనికి వచ్చుచున్నవి. అక్షరములు చెదరినవి, పెట్టె లేనివి, రసీదు ఇయ్యనివి కొనరాదు. కొన్న బేరింగును బిగించు నిమిషము వరకు దాని పొట్లములోనే యుంచవలెను.

గ్రీజు

అన్ని గ్రీజులు ఒకటి కావు. సున్నపు సబ్బుతో చేయు సాధారణ గ్రీజు నీటికి ఓర్చును గాని, సుమారు 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరగి కారును. లిథియం సబ్బుతో చేసిన గ్రీజు సుమారు 180 డిగ్రీల వరకు కరగదు, నీటికిని ఓర్చుకొనును. కావున చక్రముల బేరింగులకు లిథియం గ్రీజు, గట్టిదనపు సంఖ్య 2 గాని 3 గాని, తయారీదారు చెప్పినది వాడవలెను. రంగును చూచి గ్రీజును నిర్ణయింపరాదు. రకము మార్చునపుడు పాతది పూర్తిగా కడిగివేయవలెను. పడని రెండు రకములు కలిసినచో నీళ్లవలె పలుచబడి కారిపోవును. గ్రీజు డబ్బాకు ఎల్లప్పుడు మూత యుండవలెను.

కోనుకు పైపైన గ్రీజు పూసినచో చాలదు. అరచేతిలో గ్రీజు ముద్ద నుంచుకొని, కోను వెడల్పు వైపును దానికి అదిమి, గ్రీజు రోలర్ల సందుల గుండ రెండవ వైపు పైకి వచ్చువరకు చుట్టును నింపవలెను. హబ్బు లోపలి ఖాళీలో మూడవవంతు మొదలు సగము వరకు మాత్రము పెట్టవలెను. ఎక్కువ కూరినచో అది చిలుకబడి వేడెక్కి సీలును బయటకు నెట్టును.

బిగించుట

కొత్త కప్పులను ఇత్తడి కడ్డీతో చుట్టును సమముగా తట్టుచు హబ్బు అడుగుకు దింపవలెను. అడుగున కూర్చున్నపుడు దెబ్బ శబ్దము మారును. ప్రక్కకు వాలిన కప్పును బలవంతముగా కొట్టరాదు. గ్రీజు నింపిన లోపలి కోనును ఉంచి, దానిపై సీలును కూర్చవలెను. సీలులో సన్నని స్ప్రింగు కనబడు వైపు గ్రీజు వైపునకు, అనగా హబ్బు లోపలకు ఉండవలెను. పెదవికి కొంచెము గ్రీజు పూసి, చదునైన చెక్కదిమ్మ నానించి సుత్తితో మెల్లగా తట్టవలెను. సుత్తిని నేరుగా సీలుపై వేయరాదు.

హబ్బును ఇరుసుపైకి తిన్నగా ఎక్కించి, బయటి కోను, వాషరు, నట్టు వేయవలెను. ఇక అసలు మెలకువ బిగువులో నున్నది. హబ్బును చేతితో త్రిప్పుచు, అది బరువుగా తిరుగువరకు నట్టును బిగించవలెను. ఇందువలన రోలర్లు తమ స్థానములో కూర్చుండును. తరువాత నట్టును ఒక గాడి మేరకు వెనుకకు త్రిప్పవలెను. 6 గాళ్ల నట్టుకు ఇది చుట్టులో ఆరవవంతు. తయారీదారు వేరు కొలత ఇచ్చియున్నచో అదియే పాటించవలెను. గాడి, పిన్ను రంధ్రము కలియనిచో, కలియుటకై నట్టును ఇంకను బిగించరాదు, మరికొంచెము వదలవలెను. హబ్బు తేలికగా తిరుగవలెను. ఊపినచో ఆట ఉండీ లేనట్లుండవలెను. బిగువెక్కువైనచో బేరింగు కాలును. వదులెక్కువైనచో కొట్టుకొని పగులును.

పిన్ను ఎల్లప్పుడు కొత్తదే వేయవలెను. దానికి బదులు మేకు, ఇనుప తీగ, తెగిన వెల్డింగు కడ్డీ వేయుట గ్రామములలో తరచు కానవచ్చుచున్నది. ఇవి అదురుకు విరుగును. విరిగినచో నట్టు తనంత తానే తిరిగి ఊడును. అతి తక్కువ ఖరీదు గల ఈ పిన్నే చక్రమునకు కడశీల.

మూత పెట్టి, చక్రము బిగించి, జాకీ దింపిన తరువాత చక్రపు నట్లను ఎదురెదురుగా గట్టి చేయవలెను. మొదటి ప్రయాణమున 10, 15 కిలోమీటర్ల తరువాత ఆగి, హబ్బుల వేడిని, చక్రపు నట్ల బిగువును మరల చూడవలెను.

వెల్డింగు చేయించునపుడు

ట్రక్కు తొట్టికి అతుకు వేయించునపుడు ఎర్తు తీగను చక్రమునకు తగిలించుట మంచిది కాదు. కరెంటు బేరింగు గుండ పోయి, రోలర్లపై చిన్న చిన్న కాలిన గుంటలు పడును. కొన్నాళ్లకు కారణము తెలియకుండ బేరింగు మ్రోగును. అతుకు వేయు చోటికి దగ్గరగా, అదే ఇనుముపై ఎర్తు తగిలించుమని పనివానికి చెప్పవలెను.

ట్రాక్టరు చక్రముల మాట

చాల ట్రాక్టర్ల ముందు చక్రముల హబ్బులు ఇదే తీరుగ నుండును. పైన చెప్పిన పద్ధతి వానికిని వర్తించును. దమ్ము చేయు ట్రాక్టరు ముందు చక్రములు బురదలో మునిగి నడుచును గనుక వాని సీళ్లను మరింత తరచుగా చూడవలెను. వెనుక చక్రముల బేరింగులు వేరు. అవి ఇరుసు పెట్టెలో నూనెలో నడుచును. వాని సీలు చెడినచో వెనుక చక్రము లోపలి ముఖమున నూనె కారిన జాడ కనబడును, లేదా బ్రేకులోనికి నూనె దిగి బ్రేకు జారును. ఆ చక్రములు, ముఖ్యముగా టైర్లలో నీరు నింపినవి, వందల కిలోల బరువుండును. ఈ పనిని ఇంటివద్ద చేయబూనక, నూనె మట్టము చూచుకొని, సాధనములున్న వర్కుషాపునకు తీసికొని పోవలెను.

ఎప్పుడు చేయవలెను

ఏడాదికి రెండు సార్లు హబ్బులు విప్పి చూచుట మంచిది: తొలకరికి ముందు ఒకసారి, కోతల రవాణా మొదలగుటకు ముందు ఒకసారి. హబ్బు నీట మునిగినచో ఈ గడువు కొరకు ఆగరాదు. ఆ వారములోనే విప్పవలెను. నీరు చేరిన బేరింగు నడచునపుడు కంటె, కదలక నిలిచియున్నపుడే త్వరగా తుప్పు పట్టును. ఒక చిన్న పుస్తకమున ఏ చక్రమునకు ఏ తేదీన ఏ సంఖ్య బేరింగు, ఏ కొలత సీలు వేసినది వ్రాసియుంచినచో మరుసటి మారు పని సులువగును.

గ్రామాధికారులు తొలకరికి ముందు ఒక దినము నిర్ణయించి, ఊరిలోని ట్రక్కుల వారినందరిని ఒక చోట చేర్చి, హబ్బులు, పిన్నులు, కొక్కెము, వెనుక ఎర్ర అద్దములు తనిఖీ చేయించుట మేలు. ఒక్కొక్కని వద్ద లేని జాకీ, స్టాండు, పానాలు పది మంది చేరిన చోట సమకూడును. ఆసక్తి గల యువకులను అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ సంస్థకు పంపి నేర్పించవచ్చును. సరకు ట్రక్కులో మనుషులను ఎక్కించుట నిబంధనలకు విరుద్ధమని ఆనాడే అందరికి తెలియజెప్పవలెను. నాట్లకు, కోతలకు కూలీలను ట్రక్కులో కుక్కి తీసికొని పోవు చోట, చెడిన ఒక సీలు ఒక రైతు నష్టముతో ఆగదు.

రైతు సోదరులు ఈ వారమే తమ ట్రక్కు చక్రములను లేపి, చేతితో ఊపి, వెనుక వంగి చూతురు గాక. గ్రీజు చిమ్మిన జాడ కనబడినచో మరియొక బరువు వేయక మునుపే సీలు మార్చవలెను.